21వ రోజు పరీక్షకు అందని అండం: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

గర్భం రావట్లేదని నా దగ్గరికి వచ్చిన ఒక మహిళ కేసు ఇది. దీన్ని రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. ఆమెను గుర్తుపట్టే వివరాలేవీ ఇందులో ఉండవు. ఒక్క సంగతి మాత్రం వదిలేస్తే కేసు అర్థం కాదు కాబట్టి ఉంచాను: ఆమెది షిఫ్టుల ఉద్యోగం, కొన్ని వారాలు పగలు, కొన్ని వారాలు రాత్రి. వయసు 31. పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టి 14 నెలలు. అంతవరకు ఒక్కసారి కూడా గర్భం రాలేదు.

"నాకు అండం విడుదల కావట్లేదంట డాక్టర్ గారూ" అన్నారు కూర్చుంటూనే. చేతిలో ఒక రక్త పరీక్ష రిపోర్టు ఉంది. నెలసరి 21వ రోజున తీసిన రక్తంలో ప్రొజెస్టిరాన్ మిల్లీలీటరుకు 0.8 నానోగ్రాములు. దానితోపాటు, అండం విడుదల కోసం వేసుకోవాల్సిన మాత్రల చీటీ. మాత్రలు మొదలుపెట్టే ముందు ఇంకొకరి మాట కూడా విందామని వచ్చారు.

సమస్య ఎక్కడుంది

రిపోర్టు పక్కన పెట్టి, నెలసరి తేదీలు అడిగాను. ఫోన్‌లో రాసి పెట్టుకున్నారు. గత ఆరు చక్రాల పొడవు (ఒక నెలసరి మొదటి రోజు నుంచి తర్వాతి నెలసరి ముందు రోజు దాకా) వరుసగా 34, 36, 33, 35, 36, 38 రోజులు. రక్తం తీసింది ఆ చివరి, 38 రోజుల చక్రంలో.

అండం విడుదలయ్యాక, అది వెలువడిన చోట ఏర్పడే కార్పస్ లూటియం అనే కణజాలం ప్రొజెస్టిరాన్‌ను తయారు చేస్తుంది. విడుదలకు ముందు ఆ హార్మోన్ రక్తంలో నామమాత్రంగానే ఉంటుంది. విడుదలైన దాదాపు వారానికి బాగా పెరుగుతుంది. 3 నానోగ్రాములు దాటితే ఆ నెల అండం విడుదలైందని సాధారణంగా అనుకోవచ్చు. 28 రోజుల చక్రంలో 14వ రోజు ప్రాంతంలో అండం విడుదలైతే 21వ రోజుకి వారం అవుతుంది. '21వ రోజు పరీక్ష' అన్న పేరు అలా వచ్చిందే.

కానీ ఆ 14 అన్న అంకె ముందు నుంచి లెక్కపెట్టింది కాదు. 1920లలో జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నాస్ అనే వైద్యులు ఎవరికి వారు గమనించి చెప్పింది ఏమిటంటే, అండం విడుదలను రాబోయే నెలసరి నుంచి వెనక్కి లెక్కపెట్టాలని. ఒగినో లెక్కలో అది రాబోయే నెలసరికి 12 నుంచి 16 రోజుల ముందు. చక్రం పొడవులో తేడా ఎక్కువగా వచ్చేది అండం విడుదలకు ముందున్న భాగంలోనే. తర్వాతి భాగం ఒకే స్త్రీలో నెలనెలా పెద్దగా మారదు. ఆ లెక్కన ఈమెకు ఆ 38 రోజుల చక్రంలో అండం 25వ రోజు ప్రాంతంలో విడుదలై ఉండాలి. రక్తం తీసింది దానికి నాలుగు రోజుల ముందు. ఆ రోజు ప్రొజెస్టిరాన్ 0.8 ఉండటంలో వింతేమీ లేదు. పరీక్ష సరిగానే జరిగింది, జరిగిన రోజు సరైనది కాదు.

మిగతా సంగతులు అడిగేకొద్దీ అదే లెక్క మళ్ళీ మళ్ళీ కనిపించింది. ఫోన్‌లోని యాప్ 13, 14, 15 రోజులు 'ముఖ్యమైనవి' అని చూపించేది. షిఫ్టుల వల్ల భార్యాభర్తలిద్దరూ ఇంట్లో కలిసి ఉండే రోజులే తక్కువ. ఉన్నవాటిని ఆ మూడు రోజులకే సర్దుకునేవారు. ఓవ్యులేషన్ కిట్ కూడా వాడారు. 11వ రోజు నుంచి 16వ రోజు దాకా రోజూ మూత్రంతో ఎల్‌హెచ్ (అండం విడుదలకు ముందు ఒక్కసారిగా పెరిగే హార్మోన్) స్ట్రిప్ చూసుకుంటే ఒక్కసారీ రెండో గీత ముదురుగా రాలేదు. రక్త పరీక్ష, యాప్, స్ట్రిప్పులు మూడూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి అది నిజమేనని ఆమె నమ్మారు. నా దృష్టిలో అవి మూడు సాక్ష్యాలు కావు. చక్రం 28 రోజులు ఉంటుందన్న ఒకే ఊహను మూడు చోట్ల వాడటం.

మాత్రలు ఇప్పుడే వద్దనుకోవడానికి కారణాలు

14 నెలలంటే పరీక్షలు మొదలుపెట్టాల్సిన కాలమే. 35 ఏళ్ళ లోపు వారికి ఏడాది, ఆ పైన ఉన్నవారికి ఆరు నెలలు దాటితే ఆగకూడదు. అందుకని 'శరీర లక్షణాలు గమనిద్దాం' అంటూ మిగతా పనులు వాయిదా వేయడం నాకు ఇష్టం లేదు. థైరాయిడ్, ప్రొలాక్టిన్, కటి భాగం స్కాన్, భర్తకు వీర్య పరీక్ష వెంటనే రాశాను. చక్రాలు 35 రోజులు దాటుతున్నప్పుడు పీసీఓఎస్ (అండం విడుదలను అడ్డుకోగల హార్మోన్ల సమస్య), థైరాయిడ్ సమస్య ఉన్నాయేమో చూడకుండా ముందుకు వెళ్ళలేం. ఆయన వీర్య పరీక్ష కూడా మొదట్లోనే కావాలి. అది చూడకుండా నెలల తరబడి భార్యకే పరీక్షలు చేయించే ఇళ్ళు చాలా ఉన్నాయి, చూసినప్పుడల్లా బాధేస్తుంది. అన్నీ మామూలుగా వచ్చాయి.

ఇక మాత్రల సంగతి. అండం విడుదల కాని వారికి అవి మంచి మందులే. విడుదలవుతున్న వారికి, అది తెలియక ఇస్తే, కవలల అవకాశం లాంటి ఇబ్బందులు తెచ్చుకుంటాం, అసలు సమస్య అలాగే ఉంటుంది. కలయిక ఇంకా 13, 14, 15 రోజుల్లోనే ఉంటుంది కదా. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇది: ఈ 14 నెలల్లో గర్భం రాగల రోజుల్లో వాళ్ళు కలిసింది దాదాపు లేనట్టే. కాబట్టి దీన్ని 14 నెలల సంతానలేమిగా లెక్కకట్టి గర్భనాళాల ఎక్స్‌రే దాకా వెంటనే వెళ్ళనక్కర్లేదు.

ఫాలిక్యులర్ స్టడీ (అండం ఎదుగుదలను వరుస స్కాన్లతో చూడటం) చేయొచ్చు కదా అని ఆమే అడిగారు. చేయొచ్చు. కానీ అండం 20 నుంచి 25 మధ్య ఎప్పుడైనా విడుదల కావచ్చు, ఆమె షిఫ్టులతో అన్నిసార్లు స్కాన్‌కి రావడం కష్టం. పైగా అది ఆ ఒక్క నెల సంగతే చెబుతుంది. తన చక్రాన్ని తనే చదువుకోగలిగితే ప్రతి నెలా పనికొస్తుంది. స్కాన్‌ను అవసరమైతే వాడుకునే రెండో దారిగా ఉంచాం. గడువు ఒకటి పెట్టుకున్నాం: చార్టు స్పష్టంగా చదవగలిగిన మూడు చక్రాలు. అప్పటికీ గర్భం రాకపోతే గర్భనాళాల పరీక్ష. ఆమె వయసు 37 అయి ఉంటే ఈ గడువు నేను ఇచ్చేదాన్ని కాదు.

ఉష్ణోగ్రతతో మొదలు

ఆమెకు అంకెల మీద నమ్మకం ఎక్కువ. అందుకే బేసల్ టెంపరేచర్‌తో మొదలుపెట్టాం. ప్రొజెస్టిరాన్ పెరిగితే విశ్రాంతిలో ఉన్న శరీరం వేడి 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా పెరిగి, నెలసరి వచ్చేవరకు అలాగే ఉంటుంది. పాయింటు తర్వాత రెండు అంకెలు చూపించే థర్మామీటర్‌తో, నిద్ర లేవగానే, మంచం దిగకముందే, మాట్లాడకముందే చూసుకోవాలి. ముందరి ఆరు రోజుల అంకెలన్నిటికన్నా పైన వరుసగా మూడు రోజులు ఉంటే, మూడోది కనీసం 0.2 డిగ్రీలు ఎక్కువైతే, అండం విడుదల అయిపోయినట్టు లెక్క.

మొదటి చక్రం చార్టులో ఏమీ తేలలేదు. రోజూ ఒకే సమయానికి చూడాలని ఆమె ఎక్కడో చదివి తెల్లవారుజామున 5 గంటలకు అలారం పెట్టుకున్నారు. పగటి షిఫ్టు వారంలో ఆ సమయానికి నిద్రలో ఉంటారు, రాత్రి షిఫ్టు వారంలో పనిలో ఉంటారు. 36.2, 36.9, 36.4, మళ్ళీ 36.8. శరీరం వేడి రోజులో ఎలాగూ ఎగుడుదిగుడుగా ఉంటుంది, నిద్రలో బాగా తగ్గుతుంది. నిద్రపోని రోజున తీసిన అంకెను నిద్ర లేచి తీసిన అంకెతో పోల్చడం కుదరదు.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఒక రోజు అంకె పైకి లేచిందని చూసి, అదే అదను అనుకుని ఆ రెండు రోజులు కలిశారు. ఇది చాలామంది పొరబడే చోటు. ఉష్ణోగ్రత పెరిగిందంటే అండం విడుదల జరిగిపోయిందని. అండం బతికేది 12 నుంచి 24 గంటలు. పెరుగుదల కనిపించి, దాన్ని నమ్మేలోపు ఆ నెల అవకాశం దాటిపోతుంది. ఉష్ణోగ్రత జరిగినదాన్ని ధ్రువపరుస్తుంది, రాబోయేదాన్ని చెప్పదు.

ఉష్ణోగ్రతను పూర్తిగా మానేద్దామా అని ఆలోచించాను. మానకుండా నియమం మార్చాం. గడియారం సంగతి వదిలేసి, ఎప్పుడు పడుకున్నా సరే, ఆ రోజు అన్నిటికంటే పొడవైన నిద్ర ముగియగానే చూడటం. కనీసం మూడు గంటలైనా నిద్రపోని రోజు, షిఫ్టు మారిన మొదటి రోజు, జ్వరం ఉన్న రోజు అంకె రాసి దాని చుట్టూ గుండ్రం చుట్టడం, లెక్కలో కలపకపోవడం. ఇలా చేస్తే చార్టు సాయపడే స్థితికి వస్తుంది కానీ ఒంటరిగా నిలబడదు. ఈమె విషయంలో పెద్దపీట గర్భాశయ ముఖద్వారం స్రావానికే వేయాలని అక్కడ నిర్ణయించుకున్నాను.

స్రావం నేర్చుకోవడం

గర్భాశయ ముఖద్వారం దగ్గర తయారయ్యే స్రావం, అండం ఎదిగేకొద్దీ పెరిగే ఈస్ట్రోజన్ అనే హార్మోన్‌ను బట్టి మారుతుంది. 1950లలో మెల్‌బోర్న్‌లో జాన్ బిల్లింగ్స్ అనే వైద్యుడు ఈ మార్పులను ఒక పద్ధతిగా అధ్యయనం చేయడం మొదలుపెట్టారు, తర్వాత ఆయన భార్య ఎవెలిన్ కూడా ఆ పనిలో కలిశారు. నెలసరి తగ్గాక కొన్ని రోజులు పొడిగా ఉంటుంది. తర్వాత జిగురుగా, ముద్దగా. ఈస్ట్రోజన్ పెరిగేకొద్దీ మీగడలా, అండం విడుదల దగ్గరపడినప్పుడు పారదర్శకంగా, పచ్చి గుడ్డు తెల్లసొనలా వేళ్ళ మధ్య తెగకుండా సాగుతుంది. ఈ చివరి రకంలోనే శుక్రకణాలు ఐదు రోజుల దాకా బతకగలవు. ప్రొజెస్టిరాన్ మొదలవగానే ఒక్కసారిగా ఎండిపోతుంది లేదా మళ్ళీ చిక్కబడుతుంది. జారుడుగా ఉన్న ఆఖరి రోజును పీక్ డే అంటారు. అది పీక్ అని తెలిసేది మర్నాడే.

చెప్పినంత సులువుగా జరగలేదు. ఆమె మొదటి నెల చార్టులో ప్రతి రోజూ 'తడి' అని రాసుంది. రోజూ తడి ఉండటానికి కారణాలు వేరువేరుగా ఉంటాయి, ఒక్కొక్కటీ విడదీసి చూడాలి. దురద ఉందా, వాసన మారిందా అని అడిగితే కొంచెం తటపటాయించి, దురద చాలా కాలంగా ఉందన్నారు. తెల్లబట్ట అందరికీ అవుతుంది కదా అని ఎవరికీ చెప్పలేదట. పరీక్షించి చూస్తే ఫంగస్ ఇన్ఫెక్షన్. చికిత్స ఇచ్చాం. లోపల పెట్టుకునే మందు కరిగి బయటికి వస్తుంది కాబట్టి మందు వాడినన్ని రోజులూ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ చార్టులో స్రావం గడి ఖాళీగా ఉంచమన్నాను. ఇన్ఫెక్షన్ ఉండగా స్రావం చదవాలని చూడటం అందరికీ కాలయాపనే.

రెండో కారణం, కలయిక మర్నాడు వీర్యం జారడం. దాన్ని సారవంతమైన, అంటే గర్భం రాగల రోజుల్లో కనిపించే స్రావమని రాసేశారు. వీర్యం సాగదీస్తే తెగిపోతుంది, నీళ్ళలో వేస్తే కరిగిపోతుంది. సారవంతమైన స్రావం నీళ్ళలో ముద్దగా అడుక్కి చేరుతుంది. అయినా రోజూ కలిస్తే రెండూ విడదీయడం కష్టమే. గర్భం కోసం వచ్చిన దంపతులకు ఒక చక్రమంతా దూరంగా ఉండమని చెప్పడం నాకు సమంజసంగా అనిపించలేదు. నేర్చుకునే ఆ ఒక్క చక్రంలో, జారుడు కనిపించేవరకు రోజు విడిచి రోజు కంటే దగ్గరగా వద్దని మాత్రం చెప్పాను.

చూసుకునే తీరు కూడా మార్చాం. అద్దంలో చూడటం, వేలు లోపల పెట్టి చూడటం అక్కర్లేదు. మూత్రానికి వెళ్ళిన ప్రతిసారీ ముందూ తర్వాతా టిష్యూతో ముందు నుంచి వెనక్కి తుడిచి, అది పొడిగా తగులుతోందా, తడిగా తగులుతోందా, జారిపోతోందా అన్నది మొదట గమనించాలి. కంటికి కనపడిన దానికంటే తుడిచినప్పటి ఆ స్పర్శే ఎక్కువ చెబుతుంది. రోజు చివర ఒక్కసారే రాయాలి, ఆ రోజు కనిపించిన వాటిలో అన్నిటికంటే సారవంతమైనది. పొద్దున జిగురు, మధ్యాహ్నం జారుడు అయితే ఆ రోజు జారుడే. మాటలు కూడా ఆమెవే పెట్టుకోమన్నాను. 'పొడి', 'అంటు', 'మీగడ', 'జారుడు' అని నాలుగు మాటలు ఖాయం చేసుకున్నారు. పుస్తకంలో మాటల కంటే అవి బాగా పనిచేశాయి.

కుదిరిన చక్రం

తర్వాతి చార్టు చూడగానే నాకు సంతోషం వేసింది. 15 దాకా పొడి. 16 నుంచి 18 అంటు. 19 మీగడ. 20 నుంచి 23 వరకు జారుడు. 24న ఒక్కసారిగా పొడి. అంటే పీక్ 23. గుండ్రం చుట్టిన రెండు రోజులు తీసేస్తే, 25 నుంచి ఉష్ణోగ్రత పైకి వెళ్ళి అక్కడే నిలబడింది. ఎల్‌హెచ్ స్ట్రిప్పులను కూడా ఈసారి వేరే రకంగా వాడించాను. తేదీని బట్టి కాకుండా, మీగడ కనిపించిన రోజు నుంచి. 22న రెండో గీత ముదురుగా వచ్చింది. ఎల్‌హెచ్ ఉప్పెన తర్వాత సుమారు 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది కాబట్టి మూడు లక్షణాలూ ఒకదానితో ఒకటి సరిపోయాయి. ఇవి మూడూ నిజంగా వేరువేరు సాక్ష్యాలు: ఒకటి ఈస్ట్రోజన్‌ది, ఒకటి ఎల్‌హెచ్‌ది, ఒకటి ప్రొజెస్టిరాన్‌ది.

పీక్ తర్వాత ఏడో రోజు, అంటే 30వ రోజు రక్తం తీయించాం. ప్రొజెస్టిరాన్ 11.4. ఆ చక్రం 36 రోజులకు ముగిసింది. రిపోర్టు చేతిలో పట్టుకుని "అయితే నాకు అవుతోందన్నమాట" అని ఆమె చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాత తేల్చుకోవాల్సింది కలయిక ఎప్పుడన్నది. పీక్ రోజునే పట్టుకోవాలని ఆమె ఆరాటం. నేను వద్దన్నాను, రెండు కారణాలతో. అండం విడుదలైన రోజుతో ముగిసే ఆరు రోజుల్లోనే గర్భం వచ్చే అవకాశం ఉంటుంది, అందులో చివరి రెండు మూడు రోజులు మెరుగు. అండం రాకముందే శుక్రకణాలు అక్కడికి చేరి ఉండటం మంచిది. రెండో కారణం వాళ్ళింటి సంగతి. 'ఈరోజే, ఇప్పుడే' అన్న ఒత్తిడి ఏడాదికి పైగా ఇద్దరినీ నలిపేసింది. భర్త ఒక్కరే వచ్చిన రోజు నాతో అన్నారు, "ఆ రోజుల పేరు వింటేనే భయం వేస్తోందండీ" అని. అందుకే జారుడు మొదలైన రోజు నుంచి పొడి వచ్చేదాకా రోజు విడిచి రోజు, వీలైతే రోజూ, వీలు కానప్పుడు బాధ లేకుండా వదిలేయడం అని చెప్పుకున్నాం. నాలుగు రోజుల వెసులుబాటు ఉందని తెలిశాక షిఫ్టులు మార్పించుకోవడం కూడా ఆమెకు తేలికైంది. తేదీ ముందే తెలియకపోయినా, 'మీగడ వచ్చింది' అన్న కబురు ఇద్దరికీ చాలింది.

ఆ చక్రంలో గర్భం రాలేదు. తర్వాతి దానిలోనూ రాలేదు. ఆ నెలసరి వచ్చిన రోజు ఆమె బాగా ఏడ్చారు, చార్టులన్నీ చించేద్దామనుకున్నానని చెప్పారు. అన్నీ సరిగ్గా కుదిరిన నెలలో కూడా రాకపోవడమే ఎక్కువసార్లు జరుగుతుందని ముందే చెప్పి ఉన్నా, ఆ పూట ఆ మాట ఎవరికీ ఊరటనివ్వదు. గడువు మార్చలేదు. గర్భనాళాల పరీక్షకు తేదీ కూడా అనుకున్నాం. మూడో చక్రంలో ఉష్ణోగ్రత పెరిగాక దిగలేదు. 18 రోజులు అలాగే నిలబడితే గర్భం వచ్చి ఉండొచ్చని ఆమెకు తెలుసు. ఆ రోజే పరీక్ష చేసుకుని ఫోన్ చేశారు.

ఈ కేసు నుంచి నేర్చుకోదగ్గవి

ప్రొజెస్టిరాన్ పరీక్ష రాసేటప్పుడు '21వ రోజు' అని కాక 'రాబోయే నెలసరికి ఏడు రోజుల ముందు' అని రాయాలి. చార్టు ఉంటే 'పీక్ తర్వాత ఏడో రోజు' అని రాయాలి. ఆ పరీక్ష తక్కువ వస్తే, అండం విడుదల కాలేదని చెప్పే ముందు తర్వాతి నెలసరి ఎప్పుడు వచ్చిందో అడగాలి. అది రెండు వారాల తర్వాత వస్తే ఆ పరీక్షకు అర్థమే లేదు.

ఒక్కో లక్షణానికి ఒక్కో పని ఉంది. స్రావం ముందుగా చెబుతుంది కానీ ఖాయం చేయదు. పీసీఓఎస్ ఉన్నవారిలో, పాలిచ్చే తల్లుల్లో శరీరం అండం విడుదల దాకా వెళ్ళి వెనక్కి తగ్గుతూ, ఒకే చక్రంలో రెండు మూడుసార్లు జారుడు చూపించవచ్చు. పీసీఓఎస్‌లో ఎల్‌హెచ్ మామూలుగానే ఎక్కువగా ఉండి స్ట్రిప్పులు తప్పుదారి పట్టించడమూ ఉంది. అలాంటప్పుడు ఉష్ణోగ్రత నిలబడేదాకా విడుదల అయిందని అనుకోకూడదు. ఈమెకు ఆ చిక్కు లేదు కాబట్టే షిఫ్టుల మధ్య అరకొర ఉష్ణోగ్రతతో నెట్టుకురాగలిగాం.

ఈ చార్టులు గర్భనాళాలు తెరిచి ఉన్నాయో లేదో చెప్పవు, శుక్రకణాల సంగతీ చెప్పవు. అందుకే గడువు లేకుండా చార్టుల మీద కూర్చోబెట్టడం తప్పు. ఇంకో మాట గట్టిగా చెప్పాలి: ఈ కేసు చదివి ఇదే తీరును గర్భం వద్దనుకునేవాళ్ళు వాడకూడదు. అక్కడి నియమాలు చాలా కఠినంగా ఉంటాయి, అనుమానం ఉన్న ప్రతి రోజునూ సారవంతమైనదిగానే లెక్కించాలి, షిఫ్టుల ఉద్యోగంలో శిక్షణ ఉన్నవారి పర్యవేక్షణ లేకుండా అది ప్రమాదమే.

తర్వాత

చివరి నెలసరి తేదీ నుంచి లెక్కకట్టి ఏడు వారాలకు ఆమె వేరేచోట స్కాన్ చేయించుకున్నారు. గర్భాశయంలో పిండం సంచి, దానిలో యోక్ శాక్ (తొలి వారాల్లో పిండానికి పోషణనిచ్చే చిన్న తిత్తి) కనిపించాయి, బిడ్డ గుండె చప్పుడు లేదు. పెరుగుదల వెనకబడి ఉందని, గర్భం నిలవకపోవచ్చని విని వణికిపోతూ వచ్చారు. చార్టు తీయమన్నాను. ఆ చక్రంలో పీక్ 24, ఉష్ణోగ్రత పెరిగింది 26న. అండం విడుదల 25 ప్రాంతంలో అనుకుంటే, స్కాన్ రోజుకి గర్భం వయసు ఏడు వారాలు కాదు, ఐదున్నర. ఐదున్నర వారాలకు గుండె చప్పుడు కనిపించకపోవడం మామూలే. గర్భం తప్పకుండా బాగుంటుందని హామీ ఇవ్వలేదు. ఈ స్కాన్‌ను బట్టి బాగాలేదని మాత్రం అనలేమని చెప్పి, రక్తస్రావం గానీ నొప్పి గానీ వస్తే ఆగకుండా రమ్మని, 11 రోజుల తర్వాత మళ్ళీ స్కాన్ రాశాను. ఆ రోజు గుండె చప్పుడు కనిపించింది, బిడ్డ పొడవు చార్టు లెక్కతో సరిపోయింది.

డెలివరీ తేదీని పదకొండు రోజుల తర్వాతకు మార్చి, చివరి నెలసరి తేదీ పక్కనే అండం విడుదల తేదీ కూడా ఆమె ఫైలు మొదటి పేజీలో రాశాను. లేకపోతే తొమ్మిదో నెల దాటాక ఆమెను చూసే డ్యూటీ డాక్టర్ పాత తేదీని పట్టుకుని, రోజులు మించిపోయాయని నొప్పులు తెప్పించే ప్రమాదం ఉంది.